ఎలక్ట్రిక్ గిటార్ మోడళ్లు: తేడాలు పుట్టిన చోటు

ఇంట్లో ఒక ఎలక్ట్రిక్ గిటార్ ఉండగా రెండోది కొనాలనుకునేవారు ముఖ్యంగా నాలుగు విషయాలు పోల్చి చూస్తారు: మోగే తీగ పొడవు, పికప్ రకం, మెడను బాడీకి కలిపిన పద్ధతి, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి. మోడళ్ల పేర్లు వందల్లో ఉన్నా ఈ నాలుగింటిలోని తేడాలు దాదాపు అన్నీ 1950కీ 1958కీ మధ్య, అమెరికాలోని రెండు ఊళ్లలో స్థిరపడ్డాయి. ఒకటి కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్, రెండోది మిషిగన్‌లోని కలమజూ. తర్వాత వచ్చిన మోడళ్లలో ఎక్కువ భాగం ఈ రెండు ఊళ్ల పనితనాన్ని ఏదో ఒక పాళ్లలో కలుపుకున్నవే. ఏ తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆ ఊళ్ల దాకా, అంతకు ముందు ఇరవై ఏళ్ల దాకా వెనక్కి వెళ్లాలి.

1920లలో డ్యాన్స్ బ్యాండ్లు పెద్దవయ్యాయి. బాకాలు, డ్రమ్ముల హోరులో గిటార్ మోత ఎవరి చెవికీ ఆనేది కాదు. అదే కాలంలో అమెరికాలో హవాయి సంగీతానికి విపరీతమైన ఆదరణ ఉండేది. గిటార్‌ను ఒడిలో వెల్లకిలా పెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించడం హవాయి పద్ధతి. ఆ పద్ధతిలో వాయించే జార్జ్ బీచమ్ లాస్ ఏంజెలెస్‌లో అడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి 1932లో మొదటి ఎలక్ట్రిక్ గిటార్‌ను బజారులో పెట్టాడు. అది పోత పోసిన అల్యూమినియం ముక్క. గుండ్రటి చిన్న బాడీ, పొడవాటి మెడ ఉండటంతో జనం దాన్ని ఫ్రయింగ్ పాన్ అన్నారు. వేదిక మీది దీపాల వేడికి ఆ లోహం వ్యాకోచించి శ్రుతి తప్పేది. అయినా అందులో ఉన్న సూత్రం నేటికీ మారలేదు. అయస్కాంతం దగ్గర సన్నటి రాగి తీగను వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగిచుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది, దాన్ని యాంప్లిఫైయర్ పెంచుతుంది. పికప్ పట్టేది గాలిలోని శబ్దాన్ని కాదు, తీగ కదలికను. నైలాన్ తీగలు కట్టిన గిటార్‌కు ఈ రకం పికప్ పనికిరాకపోవడానికి కారణం ఇదే. బీచమ్ పేటెంట్ చేతికి వచ్చేసరికి 1937 ఆగస్టు అయింది. అప్పటికే మరికొన్ని కంపెనీలు ఎలక్ట్రిక్ గిటార్లు అమ్ముతున్నాయి.

అలా అమ్మినవాటిలో గిబ్సన్ కంపెనీ 1936లో తెచ్చిన ఈఎస్-150 ముఖ్యమైనది. అది మామూలు బోలు గిటార్‌కు పికప్ తగిలించినది. చార్లీ క్రిస్టియన్ అనే యువకుడు 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరి ఈ గిటార్ మీద శాక్సఫోన్‌కు దీటైన సోలోలు వాయించాడు. అంతవరకు వెనక కూర్చుని తాళం నిలబెట్టే వాద్యంగా ఉన్న గిటార్ ముందు వరుసకు వచ్చింది. క్రిస్టియన్ 1942లో, పాతికేళ్ల వయసులోనే చనిపోయాడు. వాద్యానికి ఆయన తెచ్చిన హోదా మాత్రం పోలేదు.

బోలు గిటార్‌తో ఒక చిక్కు ఉంది. యాంప్ గొంతు పెంచితే ఆ శబ్దానికి గిటార్ పెట్టె అదురుతుంది. పెట్టె అదిరితే తీగ అదురుతుంది, ఆ అదురు మళ్లీ యాంప్‌కు చేరి రెట్టింపై వస్తుంది. చివరికి గిటార్ దానంతటదే ఊళ పెడుతుంది. పెట్టె బోలుగా లేకుండా చేయడమే దీనికి విరుగుడు. లెస్ పాల్ అనే గిటారిస్టు 1940 ప్రాంతంలో న్యూయార్క్‌లోని ఎపిఫోన్ కార్ఖానాలో నాలుగంగుళాల మందం ఉన్న పైన్ దుంగకు మెడ, పికప్‌లు బిగించాడు. చూసేవారికి అది గిటార్‌లా ఉండాలని అటూ ఇటూ బోలు గిటార్ రెక్కలు అతికించాడు. దాన్ని గిబ్సన్‌కు చూపిస్తే వారు పట్టించుకోలేదు. 1948లో కాలిఫోర్నియాలో పాల్ బిగ్స్‌బీ అనే పనివాడు మెర్ల్ ట్రావిస్ అనే గిటారిస్టు కోసం మరో గట్టి బాడీ గిటార్ చేసి ఇచ్చాడు. ఆరు బిరడలూ తలకు ఒకే పక్కన ఉండటం దాని ప్రత్యేకత. కానీ ఇవి ఒక్కొక్కరి కోసం ఒక్కొక్కటిగా చేసినవి. కార్ఖానాలో వరసగా తయారుచేసి దుకాణాల్లో అమ్మే పని ఫుల్లర్టన్‌లో మొదలైంది.

లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి. గిటార్ వాయించడం ఆయనకు రాదు. ఈ రెండు విషయాలూ ఆయన చేసిన గిటార్‌లో కనిపిస్తాయి. పాడైన భాగాన్ని విప్పి, కొత్తది పెట్టి, తిరిగి బిగించేలా వస్తువు ఉండాలన్నది రేడియో మెకానిక్ తర్కం. గిటార్ ఎలా ఉండాలన్న సంప్రదాయం తెలియని మనిషికి ఆ తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్లడంలో సంకోచం కలగలేదు. 1950లో ఎస్క్వైర్ పేరుతోను, ఆ ఏడాది చివర్లో బ్రాడ్‌కాస్టర్ పేరుతోను వచ్చిన ఆ గిటార్ బాడీ ఒక చదునైన పలక. దాన్ని యాష్ కర్రతో కోసేవారు. మెడ ఒకే మేపుల్ ముక్క. ఫ్రెట్లు అనే మెట్లను విడిగా మరో పలక లేకుండా నేరుగా ఆ మేపుల్ మీదే దిగగొట్టారు. మెడను బాడీకి జిగురుతో అతకలేదు, నాలుగు పెద్ద స్క్రూలతో బిగించారు. మెట్లు అరిగిపోతే మెడ మొత్తం విప్పేసి కొత్తది బిగించుకోవచ్చన్నది ఫెండర్ ఉద్దేశం.

ఈ గిటార్ మెడను తిప్పి చూస్తే వెనక నడుమన పొడవుగా ఒక ముదురు రంగు చార ఉంటుంది. మొదట చేసిన ఎస్క్వైర్ మెడల్లో ఇనుప కడ్డీ లేదు, తీగల లాగుడుకు కొన్ని మెడలు వంగాయి. మెడ లోపల సరిచేసుకునే కడ్డీ పెట్టక తప్పలేదు. పైన విడి పలక లేదు కాబట్టి ముందు నుంచి గాడి తీయడానికి వీల్లేదు. వెనక నుంచి గాడి తీసి, కడ్డీ దించి, వాల్‌నట్ కర్ర బద్దతో పూడ్చారు. ఇప్పుడు అందంగా కనిపించే ఆ చార ఒక మరమ్మతు ఫలితం.

బ్రాడ్‌కాస్టర్ పేరు ఎక్కువ కాలం నిలవలేదు. ఆ పేరుతోనే తమ డ్రమ్ములు అమ్ముతున్నామని 1951 ఫిబ్రవరిలో గ్రెచ్ కంపెనీ నుంచి తంతి వచ్చింది. ఫెండర్ పనివారు తల మీద అంటించే చీటీలోంచి ఆ పేరును కత్తిరించేశారు. కొన్ని నెలల పాటు గిటార్లు మోడల్ పేరు లేకుండానే బయటికి వెళ్లాయి. ఆ తర్వాత వచ్చిన పేరే టెలికాస్టర్. ధర 189.50 డాలర్లు. బ్రిడ్జి దగ్గరి పికప్ ఉక్కు పళ్లెంలో కూర్చుని ఉంటుంది కాబట్టి దాని స్వరం చురుగ్గా, కోసినట్టు ఉంటుంది. కంట్రీ సంగీతకారులు ముందు దీన్ని అందిపుచ్చుకున్నారు. మోటుగా ఉందని పెద్ద కంపెనీలు పక్కన పెట్టిన ఈ గిటార్ డెబ్భై ఏళ్లు దాటినా పెద్ద మార్పు లేకుండా తయారవుతూనే ఉంది. తొలి ప్రయత్నంలోనే ఇంత సరిగ్గా కుదిరిన వాద్యాలు అరుదు.

కలమజూలో గిబ్సన్ కంపెనీ 1902 నుంచి ఉంది. చెక్కను వంపుగా చెక్కి వయొలిన్ తరహాలో మాండొలిన్లు, గిటార్లు చేయడం వారి పరంపర. ఫెండర్ పలక గిటార్ అమ్ముడవుతుంటే వారు ఊరుకోలేకపోయారు. కంపెనీ అధిపతి టెడ్ మెకార్టీ అప్పటికే రేడియోలోను, రికార్డుల్లోను పేరు మోగుతున్న లెస్ పాల్‌తో ఒప్పందం చేసుకున్నాడు. లెస్ పాల్ మోడల్ 1952లో 210 డాలర్లకు వచ్చింది. బాడీ మహాగనీ, దాని మీద మేపుల్ కప్పు. ఆ కప్పును వంపు తిరిగేలా చెక్కారు. అలా చెక్కే యంత్రం ఫెండర్ దగ్గర లేదన్నది మెకార్టీ లెక్క. మెడను జిగురుతో అతికించారు. రంగు బంగారం. దుకాణంలో పలక గిటార్ పక్కన పెడితే ఇది ఖరీదైన వస్తువని దూరం నుంచే తెలియాలని వారి కోరిక.

మొదటి లెస్ పాల్ మోడల్‌లో ఒక లోపం ఉండేది. మెడ తగినంత వాలు లేకుండా అతకడంతో తీగలను బ్రిడ్జి కడ్డీ పైనుంచి కాక కింది నుంచి చుట్టాల్సి వచ్చింది. కుడి అరచేతిని తీగల మీద ఆన్చి మోతను అదిమే పద్ధతికి చోటే లేకపోయింది. 1953లో బ్రిడ్జి మార్చారు, 1954లో ఒక్కో తీగ పొడవును విడివిడిగా సవరించుకునే ట్యూన్-ఓ-మాటిక్ బ్రిడ్జి వచ్చింది. 1952 నాటి గిటార్ పాతదే అయినా, బంగారు రంగుదే అయినా, వాయించేవారు దానికన్నా తర్వాతి సంవత్సరాలవాటినే కోరుకోవడానికి కారణం ఇది.

ఈ రెండు గిటార్ల మధ్య కంటికి కనపడని తేడాలే చేతికి ఎక్కువ తెలుస్తాయి. ఫెండర్ తీగ పొడవు 25.5 అంగుళాలు, గిబ్సన్ చెప్పే పొడవు 24.75. ముప్పావు అంగుళం తేడా చిన్నదిగానే తోస్తుంది. కానీ అదే మందం తీగను అదే శ్రుతికి బిగించినప్పుడు బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. ఫెండర్ మీద తీగ దాదాపు 6 శాతం ఎక్కువ బిగువుగా ఉంటుంది. గిబ్సన్ మీద తీగ మెత్తగా లొంగుతుంది, వేళ్లు కొద్దిగా దగ్గరగా పడతాయి. వేళ్లు పెట్టే పలక వంపు మరో తేడా. పాత ఫెండర్ పలక 7.25 అంగుళాల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ముక్కలా గుండ్రంగా ఉంటుంది. గిబ్సన్‌ది 12 అంగుళాలు, అంటే చదును ఎక్కువ. గుండ్రటి పలక మీద కార్డ్‌లు అనే స్వరాల మూటలు పట్టడం తేలిక. వీణ మీద గమకానికి లాగినట్టు తీగను బాగా పక్కకు లాగితే మాత్రం ఆ వంపు పైమెట్లకు తగిలి స్వరం చచ్చిపోతుంది. ఒక గిటార్ మీద అలవాటైన చేతికి రెండోది కొత్తగా అనిపించడానికి రంగు, ఆకారం కన్నా ఈ అంకెలే కారణం. దుకాణంలో పది నిమిషాలు తీగలు లాగి చూస్తే ఇవి తెలిసిపోతాయి, బొమ్మ చూసి కొంటే తెలియవు.

మూడో తేడా తల దగ్గర ఉంది. ఫెండర్ తల మెడకు సమానంగా, చదునుగా ఉంటుంది. గిబ్సన్ తల 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. వాలు వల్ల తీగ, మెడకూ తలకూ మధ్య ఉండే నట్టు అనే పట్టీ మీద గట్టిగా ఆనుతుంది. కానీ మెడ, తల ఒకే మహాగనీ ముక్కలోంచి కోయడంతో వాలు మొదలయ్యే చోట కర్ర నారలు అడ్డంగా తెగి బలహీనపడతాయి. మెడలోని కడ్డీ మరను తిప్పడానికి అక్కడే గుంట కూడా తీస్తారు. స్టాండు మీది గిటార్ వెల్లకిలా పడితే విరిగేది సరిగ్గా అక్కడే. పాత గిబ్సన్ కొనేవారు ముందుగా నట్టు వెనక గోరు పెట్టి రాసి, రంగు కింద సన్నని గీత తగులుతుందా అని చూస్తారు. బాగా అతికినది వాయించడానికి ఏ లోటూ చేయదు, అయినా ధర బాగా పడిపోతుంది. తక్కువ డబ్బుతో మంచి వాద్యం కావాలనుకునేవారికి అది ఒక దారి కూడా.

ఫెండర్ 1954లో స్ట్రాటోకాస్టర్ తెచ్చాడు. టెలికాస్టర్ అంచులు పక్కటెముకలకు, మోచేతికి ఒత్తుకుంటున్నాయని బిల్ కార్సన్, రెక్స్ గాలియన్ వంటి వాద్యకారులు ఫిర్యాదు చేశారు. అందుకే కొత్త బాడీని పొట్ట దగ్గర లోపలికి, మోచెయ్యి ఆనే చోట వాలుగా చెక్కారు. పికప్‌లు మూడయ్యాయి. గీతలు గీసి పనిని నడిపించినవారిలో ఫ్రెడీ టవారెస్ ముఖ్యుడు. ఆరు స్క్రూల మీద ఊగే బ్రిడ్జి, దాని వెనక బాడీ లోపల స్ప్రింగులు, ముందు ఒక చిన్న కడ్డీ: కడ్డీ నొక్కితే స్వరం జారి తిరిగి లేస్తుంది. ఈ ఏర్పాటుతో ధర 249.50 డాలర్లు. గాయకుడు బడ్డీ హాలీ 1957లో టెలివిజన్‌లో దీన్ని పట్టుకుని కనిపించాక కుర్రకారు దృష్టి దీని మీద పడింది.

పొట్టిగా స్ట్రాట్ అని పిలిచే ఈ గిటార్‌కు పేరు తెచ్చిన స్వరం ఒకటి ఫెండర్ ఉద్దేశించనిది. పికప్‌లను మార్చే స్విచ్‌కు మొదట మూడు స్థానాలే ఉండేవి, ఒక్కో స్థానంలో ఒక్కో పికప్. స్విచ్‌ను రెండు స్థానాల మధ్య జాగ్రత్తగా నిలబెడితే రెండు పికప్‌లు కలిసి మోగుతాయని, ఆ స్వరం పల్చగా, గాజులా వినపడుతుందని వాద్యకారులు కనిపెట్టారు. ఏళ్ల తరబడి అగ్గిపుల్లలు దోపి స్విచ్‌ను నిలబెట్టినవారు ఉన్నారు. కంపెనీ ఐదు స్థానాల స్విచ్ పెట్టింది 1977లోనే. వాడేవారు కనిపెట్టిన దాన్ని ఒప్పుకోవడానికి కార్ఖానాకు ఇరవై మూడేళ్లు పట్టింది.

ఇదే కార్ఖానా 1956లో గట్టి బాడీ ఎలక్ట్రిక్ మాండొలిన్ కూడా చేసింది. మామూలు మాండొలిన్‌కు జంట తీగలు, మొత్తం ఎనిమిది ఉంటాయి. దీనికి ఒంటి తీగలు, నాలుగే. జంట తీగలు గట్టిగా మోగడం కోసం. ఆ పని యాంప్ చేస్తున్నప్పుడు జంట అక్కర్లేదు. ఈ తర్కం ఎంత దూరం పోగలదో చూపించింది తెలుగునాట పుట్టిన ఒక వాద్యకారుడు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకున్నాడు. జంట తీగలను ఒకేసారి శ్రుతి చెడకుండా లాగి గమకం పలికించడం దాదాపు అసాధ్యం. ఆయన ఐదు ఒంటి తీగల వాద్యాన్ని వాడాడు. అలా చేస్తే ఒక్కో తీగను లాగవచ్చు, పికప్ ఉండటం వల్ల మీటిన స్వరం వెంటనే ఆరిపోకుండా సాగుతుంది. గట్టి బాడీ, పికప్ అనేవి గొంతు పెంచే సాధనాలు మాత్రమే కావని, ఒక సంగీత పద్ధతినే కొత్త వాద్యం మీదికి తేగలవని ఇంతకన్నా గట్టిగా నిరూపించినవారు లేరు. మాండొలిన్ శ్రీనివాస్‌గా లోకానికి తెలిసిన ఆయన 2014లో, 45 ఏళ్లకే కన్నుమూశాడు.

ఫెండర్ పికప్‌లో ఒకే రాగిచుట్ట ఉంటుంది. అది తీగ కదలికతో పాటు చుట్టుపక్కల కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు విసిరే అయస్కాంత క్షేత్రాన్ని కూడా పట్టుకుంటుంది. ఇంటి కరెంటు ఆవృత్తి అమెరికాలో సెకనుకు 60, భారతదేశంలో 50. ఆ ఆవృత్తిలో, దాని గుణిజాల్లో యాంప్‌లోంచి బొంయ్‌మనే మోత వస్తుంది. ట్యూబ్‌లైటు దగ్గరికి వెళ్తే పెరుగుతుంది, గిటార్‌ను పక్కకు తిప్పితే తగ్గుతుంది. గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ 1955లో దీనికి విరుగుడు తయారుచేశాడు. రెండు చుట్టలను పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని రెండోదానికి ఎదురు దిశలో కలిపాడు. బయటి మోత రెండింటిలోనూ ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి చంపుకుంటుంది. తీగ స్వరం కూడా చచ్చిపోకుండా రెండు చుట్టల అయస్కాంత ధ్రువాలను తారుమారు చేశాడు. అందువల్ల స్వరం రెండుసార్లు తలకిందులై తిరిగి కలుస్తుంది. ఇదే హంబకర్. 1957 నుంచి లెస్ పాల్ గిటార్లకు బిగించారు. పేటెంట్ 1959 జులైలో గానీ రాలేదు. ఆ రోజుల్లో పికప్ అడుగున పేటెంట్‌కు దరఖాస్తు చేశామని తెలిపే నల్ల చీటీ అంటించేవారు. చేతికందే లోహపు రేకు కింద దాగిన ఆ చీటీ ఉందా లేదా అన్నదాని మీద నేడు వేల డాలర్ల తేడా ఉంటుంది.

మోత పోవడంతో పాటు స్వరమూ మారింది. రెండు చుట్టలు తీగను రెండు చోట్ల పట్టుకుంటాయి కాబట్టి కీచుదనం కొంత తగ్గుతుంది, బలం పెరుగుతుంది, స్వరం లావవుతుంది. యాంప్‌ను దాని హద్దు దాటించి గరగరలాడించాలంటే హంబకర్‌తో తేలిక. తేటగా, చురుగ్గా పలకాలంటే ఒంటిచుట్ట పికప్‌తో తేలిక. స్ట్రాట్ ఉన్నవారు రెండో గిటార్‌గా హంబకర్లున్నదాన్ని, లెస్ పాల్ ఉన్నవారు ఒంటిచుట్టదాన్ని వెతకడం వెనక ఉన్నది ఈ తేడాయే. రెండో గిటార్ మొదటిదానికి నకలు కాకూడదన్న మామూలు ఆలోచన ఈ విషయంలో సరైనదే.

1958లో గిబ్సన్ తెచ్చిన మోడళ్లలో గెలిచింది ఒకటి, ఓడిపోయినవి మూడు. గెలిచింది ఈఎస్-335. బోలు గిటార్ మధ్యలో నిలువునా గట్టి మేపుల్ దిమ్మ పెట్టి ఊళను ఆపారు, రెక్కల్ని బోలుగానే ఉంచారు. బాణంలాంటి ఫ్లయింగ్ వీ, కోణాలతో నిండిన ఎక్స్‌ప్లోరర్ ఓడిపోయాయి. 1958, 59లలో బయటికి వెళ్లిన ఫ్లయింగ్ వీలు వంద కూడా లేవు. మూడోది మరీ ఆశ్చర్యం కలిగిస్తుంది: ఎర్రటి సూర్యాస్తమయపు రంగు పూసిన లెస్ పాల్ స్టాండర్డ్. 1958 నుంచి 1960 వరకు సుమారు 1,500 మాత్రమే తయారయ్యాయి. బరువని, పాతకాలపు మోజని కొనేవారు పక్కన పెట్టారు. 1961లో గిబ్సన్ ఆ ఆకారాన్నే ఆపేసి, పల్చటి మహాగనీ బాడీకి రెండు కొమ్ములు పెట్టి అదే పేరుతో అమ్మింది. దానికి తర్వాత ఎస్‌జీ అన్న పేరు స్థిరపడింది.

ఆపేసిన గిటార్‌ను తిరిగి బతికించినవారు ఇంగ్లండ్ కుర్రవాళ్లు. ఎరిక్ క్లాప్టన్ 1966లో జాన్ మేయాల్ బృందంతో చేసిన రికార్డులో పాత లెస్ పాల్‌ను మార్షల్ యాంప్‌కు తగిలించి గట్టిగా మోగించాడు. ఆ నిండైన, సాగే స్వరం కోసం వెతికినవారికి కొత్త గిటార్ దొరకలేదు, ఎందుకంటే కార్ఖానా చేయడమే లేదు. పాత ఎలక్ట్రిక్ గిటార్ కొత్తదానికన్నా మేలన్న అభిప్రాయం గట్టిపడటంలో ఈ కొరత పాత్ర పెద్దది. 1968లో గిబ్సన్ ఆ ఆకారాన్ని మళ్లీ మొదలుపెట్టింది. ఫెండర్ పక్షాన అదే కాలంలో జిమీ హెండ్రిక్స్ ఉన్నాడు. ఎడమచేతి వాటం ఉన్న ఆయన కుడిచేతి స్ట్రాట్‌ను తిరగేసి, తీగలు మార్చి కట్టి వాయించాడు.

పోల్చి ఎంచుకోవడంలో అందరికన్నా దూరం వెళ్లినవాడు కూడా క్లాప్టనే. 1970లో నాష్‌విల్‌లోని ఒక దుకాణంలో 1950ల నాటి స్ట్రాట్లు ఆరు కొన్నాడు. మూడింటిని తోటి సంగీతకారులు జార్జ్ హారిసన్, పీట్ టౌన్‌షెండ్, స్టీవ్ విన్‌వుడ్‌లకు ఇచ్చేశాడు. మిగిలిన మూడింటినీ విప్పి, నచ్చిన బాడీ, నచ్చిన మెడ, నచ్చిన పికప్‌లు ఏరి ఒకే గిటార్ బిగించుకున్నాడు. బ్లాకీ అని పేరు పెట్టుకున్న ఆ నల్ల గిటార్‌ను పదేళ్లకు పైగా వాయించాడు. 2004లో వేలంలో అది 9,59,500 డాలర్లు పలికింది. మెడ స్క్రూలతో బిగించి ఉండబట్టే అలా ఏరి కలపడం సాధ్యమైంది. మూడు లెస్ పాల్ గిటార్లతో ఆ పని చేయబోతే మిగిలేది విరిగిన కర్ర. రేడియో మెకానిక్ ఆలోచన ఎంత సరైనదో చెప్పడానికి ఈ ఒక్క గిటార్ చాలు.

క్లాప్టన్ ఆ స్ట్రాట్లు కొనేనాటికే రెండు కార్ఖానాలూ చేతులు మారాయి. ఫెండర్‌ను 1965 జనవరిలో సీబీఎస్ సంస్థ 1.3 కోట్ల డాలర్లకు కొన్నది. గిబ్సన్ 1969లో అమ్ముడై నార్లిన్ అనే సంస్థ కిందికి వెళ్లింది. ఉత్పత్తి పెరిగింది, పని నాణ్యత మీద ఫిర్యాదులూ పెరిగాయి. 1971 తర్వాత చాలా స్ట్రాట్‌ల మెడలకు నాలుగు స్క్రూల బదులు మూడే బిగించారు, కొన్ని మెడలు పక్కకు కదిలేవి. గిబ్సన్ బాడీలను పొరలుగా అతికిన కర్రతో చేసింది. సీబీఎస్‌కు ముందు, తర్వాత అన్న విభజన అప్పుడే మొదలై నేటికీ ధరలను శాసిస్తోంది. ఆ విభజనను గుడ్డిగా నమ్మడం సరికాదు. 1970లలో మంచి గిటార్లూ వచ్చాయి, 1950లలో చెడ్డవీ వచ్చాయి. కానీ ఆ దశకంలో గిటార్‌ను చేతిలోకి తీసుకుని చూడకుండా కొనడం ప్రమాదమయింది.

ఆ ఖాళీలోకి జపాన్ వచ్చింది. నగానో ప్రాంతంలోని మత్సుమోటోలో ఫుజిజెన్ వంటి కార్ఖానాలు ఐబనెజ్, గ్రెకో పేర్లతో అమెరికన్ గిటార్ల నకళ్లు చేశాయి. టోకాయ్ నకళ్లు కూడా పేరు తెచ్చుకున్నాయి. మొదట్లో అవి పైపై పోలికలే. 1970ల చివరికి అవి అసలుకు పోటీ ఇచ్చాయి. 1977లో నార్లిన్ ఐబనెజ్ అమెరికా శాఖ మీద తల ఆకారం గురించి దావా వేసింది, వ్యవహారం రాజీతో ముగిసింది. ఐబనెజ్ సొంత ఆకారాల వైపు మళ్లింది. ఫెండర్ వేరే దారి పట్టింది. పోటీ తట్టుకోలేమని గ్రహించి 1982లో ఫెండర్ జపాన్ మొదలుపెట్టి, అక్కడి కార్ఖానాతోనే తన గిటార్లు చేయించింది. తక్కువ ధర మోడళ్లకు స్క్వయర్ పేరు పెట్టింది. గిబ్సన్‌కు అలాంటి రెండో పేరు ఎపిఫోన్. లెస్ పాల్ దుంగ తయారైన ఆ పాత ప్రత్యర్థి కంపెనీని గిబ్సన్ యజమానులు 1957లోనే కొనేశారు. తర్వాత పని కొరియాకు, ఇండొనేసియాకు, చైనాకు పాకింది. ఒకే ఆకారం పది ధరల్లో దొరకడం ఇలా మొదలైంది.

1978లో వాన్ హాలెన్ బృందం మొదటి రికార్డు వచ్చింది. ఎడ్డీ వాన్ హాలెన్ వాయించిన గిటార్ ఏ కంపెనీ మోడలూ కాదు. చౌకగా కొన్న స్ట్రాట్ ఆకారపు బాడీలో గిబ్సన్ హంబకర్ దించి తానే బిగించుకున్నది. ఫుల్లర్టన్, కలమజూ ఒకే కర్రలో కలిశాయి. ఫ్లాయిడ్ రోజ్ అనే వాద్యకారుడు తీగలను రెండు చివర్లా బిగించి తాళం వేసే బ్రిడ్జి చేశాడు, కడ్డీని ఎంత ఊపినా శ్రుతి చెడదు. 1980లలో ఈ రెండూ కలిసిన మోడళ్లు బజారును ముంచెత్తాయి. మేరీలాండ్‌లో 1985లో కంపెనీ పెట్టిన పాల్ రీడ్ స్మిత్ ఈ కలయికను నాజూకుగా చేశాడు. ఆయన తీగ పొడవు 25 అంగుళాలు, ఫెండర్, గిబ్సన్ పొడవుల మధ్య. అదే ఏడాది బిల్ షుల్జ్ నాయకత్వంలో ఫెండర్ ఉద్యోగులు 1.25 కోట్ల డాలర్లకు సీబీఎస్ నుంచి కంపెనీని కొన్నారు. 1986లో గిబ్సన్ కూడా కొత్త యజమానుల చేతికి వచ్చింది. అప్పటికే కలమజూ కార్ఖానా మూతపడి పని నాష్‌విల్‌కు తరలింది. పాత కార్ఖానా భవనంలో దాని పాత ఉద్యోగులు కొందరు హెరిటేజ్ పేరుతో గిటార్లు చేయడం మొదలుపెట్టారు.

ఆకారం ఎవరి సొత్తన్న ప్రశ్న తర్వాత కోర్టులకు వెళ్లింది. లెస్ పాల్‌లాంటి ఒంటి కొమ్ము గిటార్ చేసినందుకు పాల్ రీడ్ స్మిత్ కంపెనీ మీద గిబ్సన్ వేసిన దావా 2005లో అప్పీలు కోర్టులో వీగిపోయింది. స్ట్రాట్, టెలికాస్టర్ బాడీ ఆకారాలకు ట్రేడ్‌మార్క్ కావాలని ఫెండర్ పెట్టిన దరఖాస్తు 2009లో చెల్లలేదు. దశాబ్దాలుగా ఎందరో అదే ఆకారం చేస్తున్నారు కాబట్టి అది ఒకరి గుర్తు కాదని తీర్పు. తల ఆకారం మాత్రం కంపెనీల చేతిలోనే ఉంది. దుకాణంలో వరసగా వేలాడే గిటార్ల బాడీలు ఒకేలా ఉండి, తలలు మాత్రమే వేరుగా ఉండటం దీని ఫలితం.

ఇటీవలి తేడా కర్ర దగ్గర వచ్చింది. ఫెండర్ 1958 నుంచి మేపుల్ మెడల మీద రోజ్‌వుడ్ పలక అతికించడం మొదలుపెట్టాడు, మేపుల్ మీది పూత అరిగితే మురికి పట్టి కనిపిస్తుందని. మొదట బ్రెజిల్ రోజ్‌వుడ్, అది అరుదయ్యాక భారతీయ రోజ్‌వుడ్ వాడారు. తెలుగువారు జిట్రేగి, ఇరుగుడు అనే చెట్టు ఇదే. బ్రెజిల్ రకం వ్యాపారాన్ని 1992లో అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది. 2017 జనవరి నుంచి ఆ జాతి చెట్లన్నిటి కర్రకూ, చిన్న గిటార్ పలకకు సైతం, అమ్మకానికి దేశం దాటాలంటే అనుమతి పత్రాలు కావాల్సి వచ్చింది. ఫెండర్ మెక్సికోలో చేసే చాలా మోడళ్లకు పావ్ ఫెర్రో అనే దక్షిణ అమెరికా కర్రకు మారింది. తయారైన వాద్యాలకు ఆ నిబంధనను 2019 నవంబరులో సడలించారు, బ్రెజిల్ రకానికి మాత్రం సడలించలేదు. అందువల్ల ఆ రెండు మూడేళ్లలో మెక్సికోలో తయారైన స్ట్రాట్ సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు పేరు ఒకటే అయినా పలక వేరు కావచ్చు. పావ్ ఫెర్రో రంగు కొంచెం లేతగా, ఎరుపు కలిసి ఉంటుంది, నారలు దగ్గరగా ఉండి వేలికి నున్నగా తగులుతుంది. 1960లలో చేసిన బ్రెజిల్ పలక గిటార్‌ను విదేశం నుంచి తెప్పించుకునేవారు ఇప్పటికీ పత్రాలు చూసుకోవాల్సిందే.